కిటికీ ఊచల అవతల: నెల్లూరు కుటుంబాల పాత వీడియోల్లో రైళ్లు

నెల్లూరు తీరప్రాంతపు కుటుంబాలు సెలవు ప్రయాణాల్లో తీసుకున్న పాత వీడియోలు, వాటిలో కనిపించే, వినిపించే రైళ్లు ఈ ప్రసంగానికి విషయం. కుటుంబ వీడియో అంటే ఇక్కడ పెళ్లికో ఓణీల పండుగకో డబ్బిచ్చి పిలిపించుకున్న వీడియోగ్రాఫరు తీసినది కాదు; ఇంట్లోని మనిషే, చాలాసార్లు తండ్రో మేనమామో, అరచేతిలో ఇమిడే కెమెరా పట్టుకుని, బయటివాళ్లకు చూపించి మెప్పు పొందాలన్న ఆలోచన లేకుండా, సొంతవాళ్ల కోసం తీసుకున్నది. సుమారుగా 1980ల చివరి నుంచి 2000ల మధ్య వరకు ఈ చిత్రీకరణ అంతా అయస్కాంతపు పూత పూసిన టేపు మీదనే సాగింది. ఆ తరువాత మెమరీ కార్డులూ సెల్‌ఫోన్లూ వచ్చి టేపును అటక ఎక్కించాయి.

ఆ క్యాసెట్లను మళ్లీ తీసి చూసేవారు సహజంగా ముఖాల కోసం చూస్తారు. ఇప్పుడు లేని తాతయ్య నడకను, పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్ల చిన్ననాటి అల్లరిని వెతుక్కుంటారు. మధ్యలో కిటికీ బయట పొలాలు పరుగెత్తే నాలుగైదు నిమిషాలు వచ్చేసరికి రిమోట్ అందుకుని ముందుకు తోసేస్తారు. ఒక ప్రాంతపు చరిత్రను కూర్చేవారి లెక్క ఇందుకు తలకిందులుగా ఉంటుంది. రైలు పెట్టెలో కూర్చున్న పిల్లల ఫోటోలు ఆల్బముల్లో ఎటూ ఉంటాయి. కెమెరా ఆపడం మరిచిపోయినందువల్లనో, పిల్లవాడు మారాం చేస్తే వాడి చేతికి ఇచ్చినందువల్లనో టేపు మీద పడిపోయిన రైలుమార్గం, స్టేషను, వాగు, వంతెన, వాటి చప్పుడు మాత్రం ఇంకొక చోట దొరికే అవకాశం తక్కువ.

రైలుకూ ఇంటి సినిమాకూ ఉన్న బంధుత్వం సినిమా పుట్టినప్పటిదే. ఫ్రాన్సులోని లూమియేర్ సోదరులు తీసిన, స్టేషనులోకి రైలు వచ్చే సుప్రసిద్ధ దృశ్యం లా సియోటా అనే సముద్రతీర పట్టణంలోది; ఆ కుటుంబానికి అక్కడ విడిది ఇల్లు ఉండేది, ప్లాట్‌ఫారం మీద కనిపించేవారిలో ఆ ఇంటివాళ్లే కొందరు ఉన్నారు. అంటే నిమిషం కూడా నిడివి లేని ఆ చిత్రం ఒక రకంగా సెలవుల వీడియోనే. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో మన దేశపు మొదటి సినిమా ప్రదర్శన జరిగినప్పుడు చూపిన ముక్కల్లో కూడా రైలు రాక ఒకటి. అక్కడి నుంచి నెల్లూరు మధ్యతరగతి ఇంట్లోకి కదిలే బొమ్మ తీసే పరికరం రావడానికి దగ్గర దగ్గర వందేళ్లు పట్టింది.

ఆ రావడం ఎలా జరిగిందో కొంత తెలుసుకోవాలి. మన దేశంలో రంగుల టెలివిజన్ 1982లో మొదలైంది. దూరదర్శన్ అనుసరించిన పాల్ పద్ధతిలో ఒక్కొక్క బొమ్మ 625 అడ్డగీతలుగా, సెకనుకు 25 బొమ్మల చొప్పున నడుస్తుంది. జపాను సంస్థ జేవీసీ 1976లో తెచ్చిన వీహెచ్ఎస్ క్యాసెట్టు, సోనీ 1985లో తెచ్చిన 8 మిల్లీమీటర్ల వీడియో క్యాసెట్టు, అదే సంస్థ 1989లో తెచ్చిన హై-ఎయిట్, 1995 తరువాతి మినీ డీవీ అనేవి ఈ కాలపు ముఖ్య రకాలు. కెమెరా కొనడం అప్పట్లో చాలా ఇళ్లకు తాహతుకు మించిన పని కాబట్టి అమెరికా నుంచో గల్ఫు నుంచో సెలవుకు వచ్చిన బంధువు తెచ్చిన కెమెరాయే ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది. విదేశం నుంచి వచ్చేవారు మద్రాసు మీనంబాకం విమానాశ్రయంలో దిగి, మద్రాసు సెంట్రల్ నుంచి 176 కిలోమీటర్ల దూరంలోని నెల్లూరుకు రైలెక్కడం మామూలు. అందుచేత కెమెరా జిల్లాలో అడుగుపెట్టడమే రైలుబండిలో జరిగేది. దానికి తోడు తిరుపతి మొక్కు, మద్రాసు మెరీనా, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే ఎల్.టి.సి. మీద కన్యాకుమారి, ఢిల్లీ యాత్రలు. ఎల్.టి.సి. అంటే ఉద్యోగి కుటుంబానికి సెలవు ప్రయాణపు ఛార్జీలు ప్రభుత్వం చెల్లించే సౌకర్యం.

ఈ టేపుల్లో ఏం కనిపించదో ముందు చెప్పుకుంటే, కనిపించేదాని విలువ తేలికగా తెలుస్తుంది. ఆవిరి ఇంజను కనిపించదు. మద్రాసు, బెజవాడల మధ్య రైలుమార్గం 1899లో కలిసింది. 1980 నాటికి ఆ మార్గమంతా విద్యుదీకరణ పూర్తయింది. ఇంటింటికీ వీడియో వచ్చేసరికి నెల్లూరు మీదుగా పోయే మెయిళ్లూ ఎక్స్‌ప్రెస్‌లూ తలమీద తీగనుంచి కరెంటు అందుకునే ఇంజన్లతోనే నడుస్తున్నాయి. పొగ ఇంజను కోసం ఈ టేపుల్లో వెతికేవారికి నిరాశ తప్పదు, ఒక్క బిట్రగుంట విషయంలో తప్ప. నెల్లూరుకూ కావలికీ మధ్యనున్న ఆ ఊరు ఆవిరి ఇంజన్ల షెడ్డు చుట్టూ పెరిగిన రైల్వే ఊరు. ఇంజన్లకు బొగ్గూ నీళ్లూ పట్టడం, మార్చడం, మరమ్మతు చేయడం అక్కడి బతుకు. ఆవిరి యుగం పోయాక ఆ వైభవం కూడా పోయింది. వీడియో టేపులో బిట్రగుంట అంటే వెడల్పాటి యార్డు, ఎక్కువ పట్టాలు, తక్కువ సందడి. ఆగకుండా పోయే బండిలోంచి తీసినదైతే అది కూడా అర నిమిషమే. అయితే ఆ అర నిమిషంలో కెమెరా వెనకనుంచి ఒక పెద్దాయన గొంతు, ఇంజను ఇక్కడే మార్చేవాళ్లనీ, బండి చాలాసేపు ఆగేదనీ, దిగి కాఫీ తాగి వచ్చేవాళ్లమనీ చెబుతూ ఉంటే, బొమ్మలో లేని ఆవిరి యుగానికి ఆ గొంతే సాక్ష్యం అవుతుంది. ఇటువంటి మాటల్ని సోది అనుకుని కత్తిరించినవారు తమకు తెలియకుండానే ఆ టేపులోని అరుదైన భాగాన్ని పోగొట్టుకుంటారు.

కిటికీలోంచి తీసిన దృశ్యానికి దానిదంటూ ఒక వ్యాకరణం ఉంది. అప్పటి పెట్టెల కిటికీలకు అడ్డంగా ఇనుప ఊచలు ఉండేవి. కెమెరాలోని ఆటోఫోకస్, అంటే దూరాన్ని బట్టి కటకాన్ని తనంతట తానే సర్దుకునే ఏర్పాటు, దగ్గరగా ఉన్న ఊచను పట్టుకుని దాని మీది తుప్పును, ఊడిపోయిన రంగును స్పష్టంగా చూపించి, అవతలి ఊరిని మసక చేసేది. కెమెరాను ఊచల మధ్యకు జరిపిన తరువాత ఒకటి రెండు సెకన్లకు కొబ్బరిచెట్లు, సరుగుడు తోపులు, వరిమళ్లు స్పష్టపడతాయి. వెలుతురు సంగతి కూడా ఇటువంటిదే. పెట్టె లోపల చీకటి, బయట మే నెల ఎండ. రెండింటినీ ఒకేసారి పట్టే శక్తి ఆ కెమెరాలకు లేదు కనుక, కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తీస్తే ముఖం నల్లబడేది, ముఖాన్ని తెలుపు చేస్తే బయటిదంతా పాలిపోయేది. రాత్రిపూట ఎదురుగా వచ్చే ఇంజను దీపం చుట్టూ నిలువునా తెల్లటి గీత పైనుంచి కిందిదాకా పడటం టేపు చెడిపోవడం కాదు. అది ఆనాటి కెమెరాల్లో వెలుతురును గ్రహించే సీసీడీ పలక లక్షణం. దీన్ని లోపమనుకుని సాఫ్టువేరుతో చెరిపేయడం కంటే ఉన్నది ఉన్నట్టు వదిలేయడం మేలు.

కిటికీ ఏ వైపుదో తేల్చుకోవడం కూడా ముఖ్యమే. మద్రాసు వైపు పోయే బండిలో, బండి పోయే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటే ఎడమచేతి కిటికీ సముద్రం వైపు. నెల్లూరు జిల్లాలో రైలుమార్గం సముద్రానికి ఆనుకుని పోదు. చాలా చోట్ల తీరం కనుచూపుకు అందనంత తూర్పున ఉండిపోతుంది. కానీ తీరపు భూమిలో వచ్చిన మార్పు ఆ వైపు కిటికీలో ముందుగా తొంగి చూస్తుంది. 1990ల తొలి సగంలో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వంటి తీర మండలాల్లో రొయ్యల సాగు ఒక్కసారిగా విజృంభించి, వరిమళ్లు గట్లు వేసుకుని గుంటలయ్యాయి. 1994, 95 సంవత్సరాల్లో వైరస్ తెగులు తగిలి ఎందరో రైతులు కుదేలయ్యారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం చేసింది. ఈ చరిత్ర కాగితాల మీద వివరంగానే ఉంది. ఒకే కుటుంబం 1988లోనూ, 1995లోనూ, 2003లోనూ అదే దారిన పోయి, అదే వైపు కిటికీలోంచి తీసిన టేపులు మూడు ఉంటే, ఫలానా ఊరి దగ్గర మడి ఎప్పుడు గుంట అయింది, గుంట ఎప్పుడు ఎండి బీడు పడింది అన్నది కాగితానికి చిక్కని సూక్ష్మతతో కనిపిస్తుంది.

పెన్న నది విషయంలో మాత్రం ఈ టేపులు పక్కదారి పట్టిస్తాయి. నెల్లూరుకూ ఉత్తరపు ఒడ్డునున్న పడుగుపాడుకూ మధ్య రైలు వంతెన మీద తీసిన వీడియోల్లో ఎక్కువ భాగం ఇసుకమేట, మధ్యలో సన్నటి పాయ, బట్టలుతికేవాళ్లు. చూసినవారికి పెన్న అంటే ఎండిన నది అన్న అభిప్రాయం కలుగుతుంది. కారణం నదిలో లేదు, క్యాలెండరులో ఉంది. సెలవు ప్రయాణాలు వేసవిలో; నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, డిసెంబరు మధ్య. వాయుగుండం పట్టిన రోజుల్లో కెమెరా పట్టుకుని ఎవరూ యాత్రకు బయలుదేరరు. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వదిలిన వరద ముంచెత్తి పడుగుపాడు దగ్గర పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, చెన్నై, విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. ఇదే పెన్నకు అటువంటి రూపం కూడా ఉందని వేసవి టేపులు చెప్పవు. కుటుంబ వీడియోల్ని ఆధారాలుగా వాడుకునే పరిశోధకుడు వాటిలో ఏడాదిలోని ఏ నెలలు ఉన్నాయో, ఏవి లేవో ముందుగా రాసుకోవాలి.

ఇప్పుడు చప్పుడు సంగతి. రేడియో శ్రోతలకు ఇది మరింత ఆసక్తి కలిగించవచ్చు, ఎందుకంటే ఈ టేపుల్లో బొమ్మ ఎంత పాలిపోయినా శబ్దం చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. పాత రైలు ప్రయాణంలో అందరికీ గుర్తుండే టకటక చప్పుడు పట్టాల అతుకుల నుంచి వచ్చేది. మన రైల్వేల్లో అప్పట్లో పట్టా ప్రామాణికమైన పొడవు 13 మీటర్లు; ఒక పట్టాకూ ఇంకొకదానికీ మధ్య, ఎండకు ఇనుము సాగినప్పుడు చోటుండేలా, కొంచెం సందు విడిచి, రెండు వైపులా ఫిష్‌ప్లేట్లు అనే ఇనుప బద్దలు వేసి బోల్టులతో బిగించేవారు. పెట్టె కింద ముందొకటి, వెనకొకటిగా ఉండే చక్రాల చట్రానికి రెండేసి ఇరుసులు ఉంటాయి. ఒక అతుకు మీద ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి పడినప్పుడు జంట చప్పుడు వినిపిస్తుంది. ఈ జంటను ఒకటిగా లెక్కపెట్టి, 47 సెకన్లలో ఎన్ని జంటలు వినిపించాయో చూస్తే, ఆ అంకెయే గంటకు ఇన్ని కిలోమీటర్లన్న బండి వేగం. 13 మీటర్ల పట్టాకు లెక్క ఇలా అమరుతుంది: 47 సెకన్లలో 60 అతుకులు దాటిన బండి 780 మీటర్లు పోయింది, అంటే గంటకు దాదాపు 60 కిలోమీటర్లు. మూడేసి పట్టాలు కలిపి అతికించిన చోట వచ్చిన అంకెను మూడుతో హెచ్చవేయాలి. టేపు మీద బొమ్మతోపాటు నమోదైన నియంత్రణ సంకేతం ఆడించే యంత్రపు వేగాన్ని అదుపులో ఉంచుతుంది కనుక, క్యాసెట్టు పాతబడినా కాలం లెక్క తప్పదు. కిలోమీటర్ల కొద్దీ ఏకంగా అతికించిన పట్టాలు వచ్చాక ఆ చప్పుడు పలచబడి, ఒక మార్గం పాతదా, కొత్తగా వేసినదా అన్నది కూడా టేపు వింటేనే తెలిసే స్థితి ఏర్పడింది. వంతెన ఎక్కగానే ఆ చప్పుడు గుల్లబారి పెద్దదవుతుంది. బొమ్మలో కిటికీ కనిపించకపోయినా పెన్న ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెవితో పోల్చుకోవచ్చు.

మనుషుల మాటలూ ఈ శబ్దంలోనే ఉన్నాయి. ముంజలు అమ్మే ఆడమనిషి కేక, ఇడ్లీ వడ పొట్లాలవాడి రాగం, ప్లాట్‌ఫారం మీద మూడు భాషల్లో వచ్చే ప్రకటన, వీటన్నిటి మధ్య ‘బండి వస్తా ఉండాది, వెనక్కి జరగండి నాయనా’ అనే జేజి గొంతు. నెల్లూరు ఇళ్లలో నాయనమ్మను జేజి అంటారు. ఈ ‘ఉండాది’ యాసను ఇంట్లోవాళ్లు సహజంగా పలికిన తీరు కెమెరా ముందు అభినయించమంటే రాదు. రైలు వైపు దృష్టి ఉండగా, తన మాట రికార్డవుతోందన్న స్పృహ లేకుండా మాట్లాడిన మాట భాషా పరిశోధకుడికి దొరకడం అరుదు. పాటకోసం ఈ శబ్దాన్నంతా తుడిచేసి, సినిమా పాట పరిచి, టేపును సీడీలోకి ఎక్కించి ఇవ్వడం ఒకప్పుడు వీడియో దుకాణాల్లో ఆనవాయితీగా ఉండేది. దానిని కళ అనుకున్న రోజులవి. పోయిన శబ్దం మళ్లీ రాదు.

టేపు మీద అంచున కనిపించే తేదీని పూర్తిగా నమ్మడానికి లేదు. కెమెరాలోని గడియారానికి బ్యాటరీ అయిపోతే అది మళ్లీ ఏదో ఒక జనవరి ఒకటికి వెళ్లి కూర్చుంటుంది; ఆ లెక్కన యాత్రలన్నీ జనవరి ఒకటినే జరిగినట్టు తేలుతుంది. అటువంటప్పుడు బొమ్మలోని రైలే తేదీ చెబుతుంది. పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 నుంచి తయారుచేసిన పెట్టెలు చాలాకాలం ఇటుక రంగులో ఉండి, 1990లలో గాలి బ్రేకుల పెట్టెలు పెరిగే కొద్దీ నీలం రంగులోకి మారాయి. పెట్టె పక్కన వేలాడే బోర్డు మీద ‘మద్రాసు’ ఉంటే 1996కు ముందరి కాలం కావచ్చు, ‘చెన్నై’ ఉంటే ఆ తరువాతిది. బండి సంఖ్యలో నాలుగు అంకెలే ఉంటే 2010 డిసెంబరుకు ముందటిది, అయిదు ఉంటే తరువాతది. పినాకిని, సింహపురి వంటి బండ్ల పేర్లు వినిపిస్తే అవి ఎప్పుడు మొదలయ్యాయో పాత టైంటేబుళ్లతో సరిచూడవచ్చు. అయితే రంగు ఒక్కటే చూసి నిర్ణయం చేయకూడదు. ఒకే బండిలో ఇటుక రంగు పెట్టె, నీలం పెట్టె పక్కపక్కనే నడిచిన సంవత్సరాలు చాలానే ఉన్నాయి.

ఇంత సమాచారాన్ని మోసే టేపు మహా సున్నితమైనది. పాలిస్టరు పట్టీ మీద అయస్కాంత గుణమున్న పొడిని ఒక జిగురుతో అతికించడమే టేపు నిర్మాణం. ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని కాలక్రమంలో మెత్తబడుతుంది, పూత రాలి యంత్రపు తలకు, అంటే సంకేతాన్ని చదివే భాగానికి, అంటుకుంటుంది. తీరప్రాంతపు ఉక్కబోత దీనికి బద్ధశత్రువు. ఇనప బీరువాలో అడుగు అరలో పట్టుచీరల పక్కన పెట్టిన క్యాసెట్టు మీద, కిటికీలాంటి అద్దంలోంచి చూస్తే, పట్టీ అంచున తెల్లటి బూజు కనిపించవచ్చు. బూజు పట్టినదాన్ని పొరపాటున కూడా ఆడించకూడదు. ఆ బూజు యంత్రంలోకి, అక్కడి నుంచి తరువాత పెట్టిన మంచి క్యాసెట్టులోకి పాకుతుంది. వానలు వెనకబట్టి గాలి పొడిబారిన ఫిబ్రవరి, మార్చి నెలలు నెల్లూరులో క్యాసెట్లను బయటికి తీసి డిజిటల్‌లోకి మార్చే పనికి అనువైనవి. యంత్రాలు కూడా దొరకడం కష్టమైపోతోంది: వీసీఆర్ తయారుచేస్తూ వచ్చిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో తయారీ ఆపేసింది. అయస్కాంత టేపుల్ని డిజిటల్‌లోకి మార్చడానికి గడువు 2025 ప్రాంతమేనని యునెస్కో చేపట్టిన సర్వే ముందే హెచ్చరించింది. ఆ గడువు దాటింది. అయినా పనిచేసే యంత్రం ఒక్కటి ఊళ్లో ఉన్నంతకాలం ప్రయత్నం మానవలసిన పని లేదు.

డిజిటల్‌లోకి మార్చేటప్పుడు దుకాణదారుకు స్పష్టంగా చెప్పవలసినవి కొన్ని. ఉన్న నిడివి ఉన్నట్టే, మధ్యలో చుక్కలు పడే ఖాళీతో సహా, మార్చాలి. నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉన్న బొమ్మను కొత్త టీవీ వెడల్పుకు సాగదీస్తే మనుషులు లావెక్కుతారు, రైలు పెట్టె లేని పొడవు తెచ్చుకుంటుంది. శబ్దాన్ని శుభ్రం చేయడం, పాట కలపడం వంటివి చేయాలనిపిస్తే వేరే నకలు మీద చేసుకోవాలి. 2021 వరదలో నెల్లూరు పల్లపు కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి గుర్తుంచుకుని, ఒక నకలును వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర దాచడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

మార్చిన వీడియోను మొదటిసారి చూసే రోజున ఆ ప్రయాణంలో ఉన్న పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ‘తిరుపతి ట్రిప్’ అని మాత్రమే రాసి ఉన్న డబ్బాకు కావలసిన వివరాలు రాబట్టాలి: ఏ సంవత్సరం, ఏ బండి, ఎక్కడ ఎక్కారు, ఏ వైపు కిటికీ, ఎన్నో నిమిషంలో ఏ స్టేషను వచ్చింది. స్థానిక చరిత్ర మీద పనిచేసే కళాశాలకో గ్రంథాలయానికో ఇవ్వాలనుకునే కుటుంబాలు మొహమాటపడేది తోటి ప్రయాణికుల విషయంలో. ఎదురు బెర్తు మీద నిద్రపోతున్న అపరిచితురాలిని, పాలిస్తున్న తల్లిని ఆమె అనుమతి లేకుండా ఇతరులకు చూపించడం తగని పని. ఆ భాగాల్ని ఇంట్లోనే ఉంచుకుని, కిటికీ బయటి దృశ్యాన్ని, పట్టాల చప్పుడును విడిగా నకలు తీసి ఇవ్వవచ్చు. 2023 ఏప్రిల్లో మొదలై నెల్లూరులో ఆగే సికింద్రాబాద్, తిరుపతి వందే భారత్ వంటి ఏసీ బండ్లలో కిటికీ అద్దం మూసే ఉంటుంది, అందులోంచి తీసిన సెల్‌ఫోను వీడియోలో బయటి శబ్దం లోపలికి దాదాపుగా రాదు, పైగా లోపలి దీపాల నీడలు అద్దం మీద పడతాయి. కాబట్టి ఊచల కిటికీ కాలపు టేపులకు పరిశోధకుల దగ్గర గిరాకీ ఇకమీదట పెరగడమే తప్ప తగ్గదు.